టోక్యోలో వేషాల వారం

అక్టోబరు సగం దాటిందంటే టోక్యోలో ఎటు చూసినా నారింజ రంగే. స్టేషన్ కింది మిఠాయి కొట్లు, మందుల షాపులు, ఏ వస్తువైనా వంద యెన్‌లకే ఇచ్చే బజార్లు, ఆఖరికి బ్యాంకు కౌంటరు మీద కూడా కళ్ళూ పళ్ళూ చెక్కిన గుమ్మడికాయ బొమ్మ కనిపిస్తుంది. 2024 అక్టోబరులో నేను చెల్లెలు వాళ్ళింటికి వెళ్ళేసరికి ఈ సందడి మొదలైపోయింది. వాళ్ళుండేది నిషి-కసాయ్‌లో. టోక్యో తూర్పు వైపున, ఎదొగావా వార్డులో, తోజాయ్ మెట్రో లైను మీద ఉండే పేట. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పు చదువుతాయన్న భయంతో జపాన్ కంపెనీలు మన దేశం నుంచి ఇంజనీర్లను పిలిపించుకున్న రోజుల్లో, వాళ్ళలో చాలామంది కాపురం పెట్టింది ఇక్కడే. ఇప్పుడు అక్కడ కందిపప్పుకీ కరివేపాకుకీ వెతుక్కోనక్కర్లేదు. సాయంత్రం పార్కులో కూర్చుంటే తెలుగు మాటలు చెవిన పడతాయి.

తమది కాని పండగను ఒక ఊరు ఎలా చేసుకుంటుందో దగ్గర నుంచి చూడాలన్నది ఎప్పటి నుంచో నా కోరిక. అందుకు టోక్యోను మించిన చోటు లేదు. హాలోవీన్ పుట్టింది ఐర్లండ్, స్కాట్లండ్ వైపు కెల్టిక్ ప్రజల్లో. పంటలు ఇంటికి చేరి చలికాలం మొదలయ్యే రాత్రి, చనిపోయినవాళ్ళు తిరిగొస్తారని వాళ్ళ నమ్మకం. క్రైస్తవం వచ్చాక అది సకల పునీతుల పండగకు ముందు రాత్రి అయింది. ఐరిష్ వలసదారులతో ఓడెక్కి అమెరికా చేరింది. టర్నిప్ దుంపను తొలిచి దీపం పెట్టే అలవాటు అక్కడ గుమ్మడికాయకు మారింది. జపాన్‌లో ఆ పంటా లేదు, ఆ పునీతులూ లేరు. క్రైస్తవులు నూటికి ఒకరి చొప్పున ఉంటారేమో. అయినా అక్టోబరు 31 వస్తోందంటే ఈ మహానగరం కుర్రకారు అంతా ముఖాలకు రంగు పూసుకోవడానికి సిద్ధమవుతుంది.

మొదట నన్ను ఆపింది కూరగాయల కొట్టు. అలంకారానికి పెట్టిన నారింజ గుమ్మళ్ళ పక్కనే, తినే గుమ్మళ్ళు వేరే గంపలో ఉన్నాయి. వాటి తొక్క ముదురాకుపచ్చ, లోపల పసుపు, బరువు రాయిలా తగులుతుంది. పేరు కబొచా. చెల్లెలు పక్కింటావిడ దగ్గర దాన్ని వండటం నేర్చుకుంది. తొక్క పూర్తిగా తీయదు. పెద్ద ముక్కలు కోసి, ఒక్కో ముక్క అంచులను కత్తితో సన్నగా చెక్కి గుండ్రం చేస్తుంది. అంచు పదునుగా ఉంటే ఉడికేటప్పుడు అక్కడి నుంచే చితికిపోతుందట. తొక్క వైపు అడుగున పెట్టి, సోయా సాసూ పంచదారా వేసి చిన్న మంట మీద ఉడికిస్తే, ముక్క చెదరకుండా నోట్లో కరిగిపోతుంది. ఈ కూర వాళ్ళు ఏడాదంతా తింటారు గానీ, డిసెంబరులో పగలు అతి పొట్టిగా ఉండే రోజున మాత్రం తప్పకుండా తినాలంటారు. ఆ రోజు తింటే చలికాలమంతా జలుబు దగ్గరికి రాదని నమ్మకం. అంటే తినే గుమ్మడికి ఇక్కడ ముందు నుంచే ఒక పండగ రోజు ఉంది. చెక్కే గుమ్మడి మాత్రమే కొత్తగా వచ్చింది.

దయ్యాల సంగతీ అంతే. జపాన్‌లో దయ్యాల కాలం వేసవి. చాలా ప్రాంతాల్లో ఆగస్టు నడిమధ్య, టోక్యోలో జూలైలో వచ్చే ఒబోన్ పండగకు పితృదేవతలు ఇంటికి వస్తారు. వాళ్ళకు దారి తెలియడానికి వాకిట్లో చిన్న మంట వేస్తారు. దోసకాయకు నాలుగు పుల్లలు గుచ్చి గుర్రాన్నీ, వంకాయకు గుచ్చి ఆవునీ చేసి పెడతారు. గుర్రం మీద తొందరగా రావాలి, ఆవు మీద మెల్లగా వెళ్ళాలి అని. భయపెట్టే కథలు చెప్పుకోవడం కూడా వేసవి రాత్రుల్లోనే. 1825లో కబుకి రంగస్థలం మీదికి వచ్చిన ‘యొత్సుయా కైదాన్’ లోని ఒయివా దయ్యం అంటే ఇప్పటికీ అక్కడి పెద్దవాళ్ళకు ఒళ్ళు జలదరిస్తుంది. చనిపోయినవాళ్ళను తలుచుకోవడానికి, వాళ్ళకు భయపడటానికి ఇన్ని ఏర్పాట్లున్న సమాజం అక్టోబరులో ఇంకో దయ్యాల పండగను ఎందుకు తెచ్చుకుంటుంది? చూసినకొద్దీ నాకు అర్థమైంది: వాళ్ళు దయ్యాలను తెచ్చుకోలేదు, వేషాన్ని తెచ్చుకున్నారు. ఏడాదంతా యూనిఫాం, సూటు, సర్దుకుపోవడం, గొంతు తగ్గించి మాట్లాడటం. ఒక్క సాయంత్రం ఇంకొకరిగా ఉండే వీలు దొరికితే దాన్ని వదులుకోవడం కష్టం.

ఈ వేషం ఎలా వచ్చిందో కూడా చెప్పుకోవాలి. 1970లలో హరజుకులోని కిడ్డీల్యాండ్ అనే బొమ్మల దుకాణం హాలోవీన్ సామాను అమ్మడం మొదలుపెట్టింది. 1983లో అదే పేటలో, చెట్ల నీడల ఒమొతెసాందో వీధిలో పిల్లల వేషాల ఊరేగింపు మొదలైంది. 1997లో టోక్యో పక్కనే ఉన్న కవాసాకిలో పెద్ద ఊరేగింపు, ఆ ఏడే టోక్యో డిస్నీలాండ్‌లో హాలోవీన్ వేడుక. ఒసాకాలోని యూనివర్సల్ స్టూడియోస్ 2011 నుంచి రాత్రిపూట జాంబీలను తన వీధుల్లోకి వదిలింది. ఇవన్నీ ఒకరు పూనుకుని చేసినవి. దుకాణమో, పార్కో, వీధి వ్యాపారుల సంఘమో ముందు నిలబడింది. ఫోన్లలో ఫొటోలు పంచుకోవడం పెరిగిన తర్వాత, 2010 దాటాక, షిబుయా స్టేషన్ ముందు కూడలికి జనం వాళ్ళంతట వాళ్ళే రావడం మొదలైంది. అక్కడ పిలిచినవాళ్ళు ఎవరూ లేరు. ఈ తేడా ఎంత పెద్దదో నాకు ఆ వారంలోనే తెలిసొచ్చింది.

మొదటి వేడుక చెల్లెలు వాళ్ళ అపార్ట్‌మెంట్‌లోనే. లిఫ్టు పక్కన నోటీసు బోర్డు మీద నివాసుల సంఘం ముందే ఒక కాగితం అతికించింది. పిల్లలు తలుపు తట్టవచ్చు అనుకునేవాళ్ళు తమ ఫ్లాట్ నంబరు ఎదుట సున్నా చుట్టాలి. చుట్టినవాళ్ళకు గుమ్మడికాయ బొమ్మ స్టిక్కరు ఇస్తారు, దాన్ని తలుపుకు అంటించుకోవాలి. స్టిక్కరు లేని తలుపు జోలికి పోకూడదు. శనివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకే. అమెరికా సినిమాల్లోలాగా చీకటి పడ్డాక ఊరి మీద పడటం ఉండదు.

“ఇక్కడ చెప్పాపెట్టకుండా ఎవరి తలుపూ కొట్టరక్కా,” అంది చెల్లెలు. “ఫ్లాట్ మారి కొత్తగా వచ్చినా సరే, చిన్న తువ్వాలో సబ్బుల డబ్బానో పట్టుకెళ్ళి పరిచయం చేసుకుంటాం. అంతే తప్ప ఊరికే వెళ్ళి బెల్లు నొక్కం.”

దాని కూతురు మియజాకి సినిమా ‘కికి’లోని చిన్న మంత్రగత్తె వేషం వేసుకుంది. నల్ల గౌను, తల మీద పెద్ద ఎర్ర రిబ్బను, చేతిలో ఇంట్లో ఊడ్చే చీపురే. “పెద్దమ్మా, నువ్వూ రా, నా సంచి నువ్వు పట్టుకో,” అని నన్నూ లాక్కెళ్ళింది. ఎనిమిది మంది పిల్లలు, ముందు చిన్న జెండా పట్టుకున్న ఒక తండ్రి, వెనక ఒక తల్లి. వాళ్ళలో ముగ్గురు తెలుగు పిల్లలు. నాలుగో అంతస్తులో స్టిక్కరున్న తలుపు దగ్గర అందరూ ఒక్క గొంతుతో “తొరిక్కు ఓవా తొరీతో!” అన్నారు. ‘ట్రిక్ ఆర్ ట్రీట్’కు అది జపాన్ పలుకు. తలుపు తీసిన తాతగారు పిల్లల ఎత్తుకు దిగడానికి మోకాళ్ళ మీద కూర్చున్నారు. బుట్టలో మిఠాయిలు విడివిడి పొట్లాల్లో ఉన్నాయి. ప్రతి పొట్లం వెనకా గుడ్డు ఉందా, పాలు ఉన్నాయా, వేరుశనగ ఉందా అని అచ్చు. గుడ్డు పడని పిల్లాడికి వేరే పొట్లం తీసి పెట్టి ఉంచారాయన. పిల్లలు తీసుకుని, వంగి దణ్ణం పెట్టి, వరస తప్పకుండా పక్కకు జరిగారు.

ఆ తర్వాత వచ్చిన తలుపుకు స్టిక్కరు లేదు. జెండా పట్టుకున్నాయన పెదాల మీద వేలు పెట్టాడు. అప్పటిదాకా గోల చేస్తున్న పిల్లలు ఆ పది అడుగులూ మునివేళ్ళ మీద నడిచారు. ఆ ఇంటావిడ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకుని ఉంటుందట. పండగ చేసుకోని మనిషికి కూడా పండగలో చోటు ఇవ్వడం అంటే ఏమిటో ఆ పిల్లలు నాకు చూపించారు. ఇంత చిన్న వయసులో అది ఒంటికి పట్టడం మాటలు కాదు.

కబొచా వండటం నేర్పిన పక్కింటావిడను ఆ సాయంత్రం టీకి పిలిచాం. ఆవిడది ఉత్తరాన అకితా ప్రాంతం, సముద్రంలోకి చొచ్చుకుని ఉండే ఒగా ద్వీపకల్పం. వేషం కట్టి ఇల్లిల్లూ తిరగడం హాలోవీన్‌తోనే జపాన్‌కు రాలేదని ఆవిడ చెబితే, చెల్లెలు తెలుగులో నాకు చెప్పింది. వాళ్ళ ఊళ్ళో డిసెంబరు 31 రాత్రి నమహాగే వస్తారు. ఊరి మగవాళ్ళే పెద్ద పెద్ద రాక్షసి ముసుగులు పెట్టుకుని, ఒంటికి ఎండుగడ్డి చుట్టుకుని, చేతిలో చెక్కతో చేసిన కత్తి పట్టుకుని, కాళ్ళు నేలకేసి దబదబ బాదుతూ ఇంట్లోకి వస్తారు. “ఏడ్చే పిల్లలున్నారా? అత్తమామల మాట వినని కోడలుందా?” అని అరుస్తారు. పిల్లలు హడలిపోయి అమ్మ వెనక, బీరువా వెనక దాక్కుంటారు. ఇంటి యజమాని మంచి బట్టలు కట్టుకుని ఎదురొచ్చి, పీట మీద కూర్చోబెట్టి, బియ్యపు మద్యం సాకే పోసి, తినుబండారాలు పెట్టి, “మా పిల్లలు బుద్ధిమంతులు, ఈ ఏడాదికి వదిలేయండి” అని బతిమాలుతాడు. వాళ్ళ ఒంటి మీది నుంచి రాలిన గడ్డిపరకను తలకు చుట్టుకుంటే రోగాలు రావట.

ఆవిడ చెప్పినదాంట్లో నాకు బాగా నచ్చింది వేరే ఉంది. నమహాగే కంటే ముందు ఒక మనిషి వచ్చి గుమ్మంలో నిలబడి, “మీ ఇంట్లోకి రావచ్చా?” అని అడుగుతాడు. ఆ ఏడాది ఇంట్లో ఎవరైనా పోయినా, జబ్బుతో మంచాన పడినా, పసిబిడ్డ పుట్టినా లోపలికి రారు, పక్కింటికి వెళ్ళిపోతారు. 2018లో యునెస్కో జపాన్ నలుమూలల నుంచి ఇలాంటి పది ఆచారాలను కలిపి మానవాళి సాంస్కృతిక వారసత్వంలో చేర్చింది, అందులో ఒగా నమహాగే ఒకటి. పట్నం అపార్ట్‌మెంట్‌లో తలుపుకు అంటించే స్టిక్కరు చేసే పనినే, పల్లెలో గుమ్మం ముందు నిలబడ్డ ఆ మనిషి తరాలుగా చేస్తున్నాడు. పండగ ఎక్కడిదైనా, దాన్ని ఇంట్లోకి రానిచ్చే పద్ధతి వాళ్ళ సొంతం.

నెలాఖరుకు ముందు వారాంతంలో ఇకెబుకురో వెళ్ళాం. అరవై అంతస్తుల సన్‌షైన్ భవనం ఉన్న పేట అది. బొమ్మల కథల పుస్తకాలూ సామానూ అమ్మే అనిమేట్ వాళ్ళ ప్రధాన దుకాణం ఇక్కడే. 2014 నుంచి ఇక్కడ, ఆ కథల్లోని పాత్రల వేషాలు కట్టుకుని వచ్చే హాలోవీన్ కాస్‌ప్లే ఫెస్ట్ జరుగుతోంది. బట్టలు మార్చుకోవడానికి గదులు, సామాను దాచుకోవడానికి చోటు, ఫొటోలు దిగడానికి విడిగా స్థలం, వాహనాలు ఆపేసిన వీధులు, ఏది తేవచ్చో ఏది తేకూడదో చెప్పే నియమాల కాగితం, అన్నీ ముందే సిద్ధం. 2016లో టోక్యో గవర్నరు యురికో కొయికె స్వయంగా తెజుకా ఒసాము బొమ్మల కథలోని రాకుమారి వేషంలో వచ్చారని చెల్లెలి భర్త, మా మరిది చెప్పాడు.

అక్కడ ఒక చిన్న దృశ్యం నన్ను చాలాసేపు నిలబెట్టేసింది. వెండి కవచం కట్టుకున్న ఒక కుర్రవాడు పార్కు అంచున గట్టు మీద కూర్చుని, అట్టముక్కతో చేసిన భుజపు రేకు ఊడిపోతే దాన్ని అతికించుకుంటున్నాడు. పక్కన ఎవరో ముక్కూ మొహం తెలియని అమ్మాయి, ఆమెది నీలి జుట్టు వేషం, తన సంచిలోంచి రెండు వైపులా అంటుకునే టేపు, చిన్న కత్తెర తీసి ఇచ్చింది. రేకు నిలబడేదాకా పట్టుకుంది. ఆ తర్వాతే ఒక ఫొటోగ్రాఫర్ ముందుకు వచ్చి, కెమెరా దించి పట్టుకుని, తీయవచ్చా అని అడిగాడు. కుర్రవాడు లేచి, వెన్ను నిటారు చేసి, వీరుడిలా నిలబడ్డాడు. అతని వెనక ఫొటో కోసం అప్పటికే ఆరుగురు వరసలో ఉన్నారు. ఇళ్ళలో నెలల తరబడి ఒంటరిగా కుట్టుకున్న బట్టలు, కోసుకున్న అట్టలు ఆ ఒక్క మధ్యాహ్నం నలుగురి కళ్ళ ముందుకు వస్తాయి. వాళ్ళ ముఖాల్లోని వెలుగు చూస్తే, ఈ పండగ ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు అర్థం లేదనిపించింది. అది వాళ్ళదైపోయింది.

ఇంకో ముచ్చట. 2014లోనే కొందరు ఆర్భాటం వద్దని ‘జిమీ హాలోవీన్’ అని మొదలుపెట్టారు. దయ్యాలూ వీరులూ ఉండరు. రోజూ మనకు ఎదురయ్యే మనిషి వేషమే కట్టాలి, చేతిలో అదేమిటో రాసిన కాగితం పట్టుకోవాలి. మరిది ఆఫీసులో ఒకతను మామూలు సూటు కోటుకే, లాండ్రీ వాళ్ళు తగిలించే చీటీని మెడ వెనక వదిలేసి వచ్చాడట. కాగితం మీద ‘ఇవాళ ఇంటర్వ్యూ ఉన్న మనిషి’ అని. ఆఫీసంతా పడి పడి నవ్వారట. పక్కమనిషిని ఇంత శ్రద్ధగా గమనించే సమాజం నుంచే ఇలాంటి హాస్యం పుడుతుంది.

అక్టోబరు 31, గురువారం సాయంత్రం షిబుయా. “వదినగారూ, ఎప్పటిలాగా హచికో దగ్గర కలుద్దామనుకోకండి, ఇవాళ హచికో కనపడడు,” అని మరిది ముందే ఫోను చేశాడు. హచికో కథ తెలియనివాళ్ళు తక్కువ. అకితా జాతి కుక్క. దాని యజమాని, టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన ఉయెనో హిదెసబురో 1925లో చనిపోయినా, 1935లో తను చనిపోయేదాకా ఈ స్టేషను ముందు ఆయన కోసం ఎదురుచూసింది. 1934లో పెట్టిన కంచు విగ్రహాన్ని యుద్ధంలో లోహం కోసం కరిగించేశారు, 1948లో మళ్ళీ పెట్టారు. షిబుయాలో ఎవరైనా ఎవరినైనా కలిసేది ఆ విగ్రహం దగ్గరే. ఆ రోజు దాని చుట్టూ అడ్డుగోడ కట్టి కనపడకుండా చేశారు. జనం గుమికూడే చోటే లేకుండా చేయడం ఉద్దేశం. షిబుయా ఈసారి హాలోవీన్‌కు సెలవు తీసుకుంటోందని స్టేషను నిండా వార్డు వాళ్ళ ప్రకటనలు.

కూడలిలో పోలీసులు వరసలు కట్టి నిలబడ్డారు. ఎత్తైన వాహనం మీది నుంచి ఒక అధికారి మైకులో, కోపం లేని గొంతుతో, ఆగకుండా నడవమని చెబుతూనే ఉన్నాడు. సెంటర్-గాయ్ వీధిలో వెలిగే కర్రలు పట్టుకున్న కాపలావాళ్ళు జనాన్ని ఒకే వైపు నడిపిస్తున్నారు. చాలా కొట్లు ఆ రాత్రికి మద్యం అమ్మడం మానుకున్నాయి. వేషాలు కట్టినవాళ్ళు తక్కువే, వాళ్ళను చూడటానికి కెమెరాలతో వచ్చిన విదేశీ యాత్రికులే ఎక్కువ. నర్సు బట్టల మీద ఎర్రరంగు చల్లుకున్న నలుగురు అమ్మాయిలు ఒక కాపలాదారును, ఫొటో ఎక్కడ దిగవచ్చని మర్యాదగా అడిగారు. ఆయనా అంతే మర్యాదగా తల వంచి, ఇక్కడ ఎక్కడా కుదరదని చెప్పి, ముందుకు దారి చూపించాడు. వాళ్ళు నడుస్తూనే, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని, చెయ్యి చాచి ఫొటో తీసుకున్నారు. సైతామా నుంచి రైల్లో గంట ప్రయాణం చేసి వచ్చామని వాళ్ళు మరిదితో చెప్పారు. నాకు మనసు చివుక్కుమంది.

అయితే ఈ కట్టుబాట్లు ఊరికే రాలేదు. 2018లో హాలోవీన్‌కు ముందు వారాంతపు రాత్రి, ఇదే సెంటర్-గాయ్‌లో గుంపు ఒక చిన్న ట్రక్కును తిరగేసింది. నిఘా కెమెరాల ఆధారంగా వెతికి పోలీసులు ఆ డిసెంబరులో నలుగురిని అరెస్టు చేశారు. 2019 జూన్‌లో షిబుయా వార్డు హాలోవీన్, కొత్త సంవత్సరం రోజుల్లో వీధుల్లో మద్యం తాగకూడదని శాసనం చేసింది. 2023లో మేయరు హసెబె కెన్, హాలోవీన్ కోసం షిబుయా రావద్దని ప్రపంచానికంతటికీ విజ్ఞప్తి చేశారు. 2024 అక్టోబరు 1 నుంచి స్టేషను చుట్టుపక్కల సాయంత్రం ఆరు నుంచి తెల్లవారుజాము ఐదు వరకు వీధిలో తాగడం ఏడాదంతా నిషేధం. ఉల్లంఘిస్తే జరిమానా ఏమీ లేదు. బతిమాలుకోవడమే. పక్కన షింజుకు వార్డు కూడా ఆ ఏడాది కబుకిచో పేట చుట్టూ హాలోవీన్ రాత్రికి ఇదే పద్ధతి పెట్టింది.

ఈ జాగ్రత్త వెనక ఉన్నది సియోల్. 2022 అక్టోబరు 29 రాత్రి, ఇతెవాన్‌లోని హామిల్టన్ హోటల్ పక్కన, నాలుగు మీటర్ల వెడల్పు కూడా లేని వాలు సందులో జనం ఒకరి మీద ఒకరు పడి ఊపిరాడక చనిపోయారు. ప్రాణాలు పోయినవాళ్ళు 159 మంది. ఎక్కువమంది ఇరవైల్లో ఉన్న పిల్లలు. కరోనా ఆంక్షలు సడలాక వచ్చిన మొదటి హాలోవీన్‌కని వేషాలు కట్టుకుని వచ్చినవాళ్ళు. సాయంత్రం 6:34కే ఒకరు పోలీసులకు ఫోను చేసి, ఈ సందులో నలిగిపోయేలా ఉన్నాం, జనాన్ని అదుపు చేయండని చెప్పారు. తొక్కిసలాట జరిగింది రాత్రి పదీ పావు ప్రాంతంలో. మధ్యలో దాదాపు నాలుగు గంటలు. ఒకరు నిర్వహించే పండగైతే భద్రతా ప్రణాళిక ఎవరు వేయాలో అక్కడి చట్టంలో ఉంది. ఎవరూ పిలవకుండా జనం పోగైతే ఆ బాధ్యత ఎవరిదో స్పష్టంగా లేదు. నిర్వాహకులు లేని గుంపుల బాధ్యత స్థానిక ప్రభుత్వాలదేనని చట్టాన్ని సవరించింది ఆ పిల్లలు పోయాకే. షిబుయా మేయరు విగ్రహానికి అడ్డుగోడ కట్టించడం చూసి చాదస్తమనుకునేవాళ్ళున్నారు. ఆ సందు వెడల్పు తెలిసినవాళ్ళు అలా అనుకోలేరు. ఇంటికి ఎంతమంది పడతారో ఇంటివాళ్ళకే తెలుస్తుంది.

మర్నాడు పొద్దున్నే ఓతెమాచిలో రైలు మారి మళ్ళీ షిబుయా వెళ్ళాను. చేతిలో పట్టుకారు, సంచి పట్టుకున్న మనుషులు వీధంతా ఏరుతున్నారు. 1995లో మెట్రోలో సారిన్ విషవాయువు దాడి జరిగాక టోక్యోలో వీధి చెత్తబుట్టలు బాగా తగ్గాయి. చెత్త ఎవరిది వాళ్ళు ఇంటికి పట్టుకుపోవడమే అక్కడి అలవాటు. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన గుంపు పారేసిపోయినది ఊరివాళ్ళు ఏరవలసి వస్తుంది. ఏరుతున్నవాళ్ళలో ఒకమ్మాయి చెంప మీద రాత్రి వేషపు రంగు ఇంకా పూర్తిగా పోలేదు. రాత్రి ఆడుకున్న వీధిని పొద్దున శుభ్రం చేస్తోంది. ఇలాంటి పిల్లలకు ఆ వీధిలో చోటు ఇవ్వడానికి ఎవరికి అభ్యంతరం ఉంటుంది? అప్పటికే పక్క షాపు కిటికీలోంచి గుమ్మళ్ళు తీసేసి క్రిస్మస్ చెట్టు నిలబెడుతున్నారు.

ఇదంతా చూశాక నాకు మన తిరుపతి గంగమ్మ జాతర గుర్తొచ్చింది. అది చూసినవాళ్ళకు వేషాల పండగ కొత్త కాదు. బైరాగి వేషం, బండ వేషం, దొర వేషం, మాతంగి వేషం, వారం రోజుల పాటు ఊరంతా వేషాలే. మగవాళ్ళు చీరలు కట్టుకుంటారు, నోటికొచ్చిన బూతులు తిడతారు, తిట్టించుకున్నవాళ్ళు నవ్వుతారు. ఇంత స్వేచ్ఛ ఎలా సాధ్యం? చాటింపుతోనే జాతర మొదలవుతుంది. ఏ రోజు ఏ వేషమో అందరికీ తెలుసు. ముఖ్యమైన వేషాలు ఎవరు కట్టాలో, ఏ వీధిలో ఎవరు ఎదురొచ్చి హారతి పట్టాలో ఊరికి తెలుసు. కైకాల వంశం వాళ్ళకు ఆ బాధ్యత తరాల నుంచి ఉంది. వేషం కట్టినవాడు ఎంత గంతులేసినా, అతన్ని చూసుకునే ఊరు చుట్టూ ఉంది. నమహాగే ముందు గుమ్మంలో నిలబడే మనిషి, ఇకెబుకురోలో నియమాలు రాసిన కమిటీ, చాటింపు వేసే మనిషి, అపార్ట్‌మెంట్‌లో సున్నాలు చుట్టించిన సంఘం, అందరూ చేస్తున్నది ఒకే పని. షిబుయాలోనూ ఇతెవాన్‌లోనూ లేకపోయింది ఆ పని చేసేవాళ్ళే.

ఇప్పుడు హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల్లోనూ, బడుల్లోనూ హాలోవీన్ జరుగుతోంది. మన సంస్కృతి కాదని కొందరు కోప్పడుతున్నారు, అందులో తప్పేముందని కొందరు వాదిస్తున్నారు. టోక్యో చూసొచ్చాక నాకు ఈ వాదన మీద ఆసక్తి పోయింది. పండగలు ఎప్పుడూ ఊళ్ళు దాటి, సముద్రాలు దాటి వస్తూనే ఉన్నాయి, వస్తాయి. అడగవలసిన ప్రశ్నలు వేరు. తలుపు తట్టే ముందు ఆ ఇంటివాళ్ళను అడిగారా? వద్దన్నవాళ్ళను ప్రశాంతంగా వదిలేశారా? ఎంతమంది వస్తారో, ఎటు నుంచి వెళ్తారో ఎవరైనా లెక్క చూశారా? మర్నాడు పొద్దున ఎవరు ఊడుస్తారు? వీటికి జవాబు చెప్పే మనిషి ఒకరున్న చోట, అరువు తెచ్చుకున్న పండగ కూడా పదేళ్ళకు సొంత పండగ అవుతుంది.

షిబుయా గేట్లు మూసుకోవడం ఒక మేయరు చేయగలిగిన మంచి పనే, కానీ అది సగం పనే. సైతామా నుంచి గంట ప్రయాణం చేసి వచ్చిన ఆ నలుగురు అమ్మాయిలు వద్దన్నంత మాత్రాన వేషం మానరు, ఇంకో వీధి వెతుక్కుంటారు. ఇకెబుకురో చూపించినట్టు వాళ్ళకొక చోటు, ఒక వేళ, చూసుకునే మనుషులు కావాలి. ఆ చోటు ఏర్పాటు చేయడం ఊరి పెద్దల పని. దాన్ని నిలబెట్టుకోవడం వేషం కట్టిన పిల్లల పని. రెండో పని చేయగలరని చెంప మీద రంగుతోనే చెత్త ఏరిన ఆ అమ్మాయి నాకు నమ్మకం కలిగించింది. ఇక మిగిలింది మొదటి పనే.